బిల్లులు మిషనే ఎక్కించేస్తోంది, ఇప్పుడు నేనేం నేర్చుకోవాలి?

ప్రశ్న: నా వయసు 39. బి.కాం. చదివాను. సిమెంటు, ఇనుము అమ్మే హోల్‌సేల్ షాపులో పద్నాలుగేళ్ళుగా అకౌంట్స్ చూస్తున్నాను. రోజంతా ట్యాలీలో బిల్లులు ఎక్కించడమే పని. పోయిన నెల మా ఓనరు కొత్త సాఫ్ట్‌వేర్ పెట్టించారు. బిల్లుకు ఫోటో తీస్తే చాలు, అదే చదువుకుని ఎంట్రీ వేసేస్తోంది. అప్పటి నుంచి రాత్రిళ్ళు నిద్ర లేదు. బెంగళూరులో ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు ఆరు నెలల డేటా సైన్స్ కోర్సుకు 85 వేలు అడుగుతున్నారు. మా ఆవిడ తన గాజులు కుదవ పెడదామంటోంది. చేరమంటారా అన్నా?
– ఒక పాఠకుడు, చిత్తూరు

జవాబు: తమ్ముడూ, ముందు ఆ గాజులు బీరువాలోనే ఉండనివ్వండి. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీ భయం నాకు తెలుసు, ఎందుకంటే అది నేనూ పడ్డాను.

1983లో తిరుపతిలో ఒక ప్రెస్సులో కంపోజిటర్‌గా చేరాను. పదిహేడేళ్ళ వయసు. ఎడమ చేతిలో అక్షరాలు పేర్చుకునే స్టిక్కు, ఎదురుగా అరలు. ఒక్కో అరలో ఒక్కో సీసం అక్షరం, గుణింతాలు ఒక పక్క, ఒత్తులు ఒక పక్క. అక్షరాలన్నీ అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంటాయి. రెండేళ్ళకు వాటిని చూడకుండానే తీసేవాణ్ణి. మాఘమాసం పెళ్ళిళ్ళ సీజన్లో 'శ్రీరస్తు శుభమస్తు అవిఘ్నమస్తు' అని రోజుకు ఎన్నిసార్లు పేర్చానో లెక్క లేదు. ఈ చేతి వేగం ఉన్నంతకాలం నాకు తిండికి లోటు లేదనుకున్నాను.

పదకొండేళ్ళకు ఓనరు కంప్యూటర్ తెచ్చారు. దాన్ని విడిగా గదిలో పెట్టి ఏసీ బిగించి, టైపు చేయడానికి ఒక కుర్రాణ్ణి పెట్టారు. నేను రోజంతా పేర్చేది అతను గంటన్నరలో కొట్టేసేవాడు. ఆ నెల నాకు అన్నం సహించలేదు.

ఒకరోజు ఆ కుర్రాడు శుభలేఖ ప్రూఫు పట్టుకుని నా దగ్గరికొచ్చాడు. పెళ్ళికొడుకు పేరు ముందు 'చి.ల.సౌ.' అని కొట్టేశాడు. అది పెళ్ళికూతురికి వేసేది. పార్టీ వాళ్ళు కౌంటర్ దగ్గర గొడవ పడుతున్నారు. నేను ఆ ఒక్కటే కాదు, తిథి దగ్గర ఒక తప్పు, ఊరి పేరులో ఒక తప్పు, ఇంకో రెండు ఒత్తులు చూపించాను. మరుసటి రోజు నుంచి ప్రతి ప్రూఫూ నా బల్ల మీదికే వచ్చింది. పేర్చే పని పోయింది కానీ, పదకొండేళ్ళు పేర్చడంలో నా కంటికి పట్టుబడిన తెలుగు ఎక్కడికీ పోలేదు. నాలుగు నెలలు సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా అదే కుర్రాడి పక్కన కూర్చుని కీబోర్డు నేర్చుకున్నాను. తర్వాత పేజీలు కట్టే పేజ్‌మేకర్, అను అనే తెలుగు ఫాంట్లు, ఆ తర్వాత ఏ కంప్యూటర్లోనైనా చదవగలిగే యూనికోడ్. పాత ఫైళ్ళు యూనికోడ్‌లోకి మార్చినప్పుడు ఒత్తులు చెదిరిపోతాయి. వాటిని సరిచేసే పని ఇప్పటికీ నా దగ్గరికి వస్తూనే ఉంది.

ఇంత ఎందుకు చెప్పానంటే, మీరు మీ పనిని 'బిల్లులు ఎక్కించడం' అని ఒక్క ముక్కలో రాసేశారు. అది నిజం కాదు. ఫోటోలోంచి బిల్లు చదివే సాఫ్ట్‌వేర్‌కు ఆ సప్లయర్ తన జీఎస్టీఆర్-1, అంటే అమ్మకాల రిటర్ను, వేశాడో లేదో తెలియదు. వాడు వేయకపోతే మీ 2బీలో, అంటే సప్లయర్లు చూపించిన బిల్లుల జాబితాలో, ఆ బిల్లు కనిపించదు. కనిపించకపోతే కొనేటప్పుడు కట్టిన ఆ పన్ను తగ్గింపు (క్రెడిట్) మీ ఓనరుకు రాదు. 2022 జనవరి నుంచి రూలు అంతే. ప్రతి నెలా 14న 2బీ వస్తుంది, 20 లోపల 3బీ, అంటే పన్ను కట్టే రిటర్ను, వేయాలి. ఆ ఆరు రోజుల్లో ఏ బిల్లు తగ్గిందో పట్టుకుని, సప్లయర్‌కు ఫోన్ చేసి, మర్యాదగా అడిగి, వినకపోతే గట్టిగా అడిగి ఆ డబ్బు రాబట్టేది ఎవరు? మీరే కదా?

2025 సెప్టెంబరు 22న సిమెంటు మీద పన్ను 28 నుంచి 18కి తగ్గింది. గోడౌన్లో ఉన్న సరుకు 28లో కొన్నది, ఆ రోజు నుంచే 18లో అమ్మాలి. ఆ వారం మీ షాపులో ఏం జరిగిందో గుర్తు చేసుకోండి. ఎవరెవరు మీకు ఫోన్ చేశారు? మీ ఓనరు మిమ్మల్ని ఏం అడిగారు?

ఒక పని చేయండి. రేపటి నుంచి పదిహేను రోజులు జేబులో చిన్న నోటుబుక్ పెట్టుకోండి. సాఫ్ట్‌వేర్ చేయలేక మీ దగ్గరికి వచ్చిన ప్రతి తలనొప్పినీ ఒక లైను రాయండి. సరుకు రవాణాకు తీసే ఈ-వే బిల్లులో లారీ నంబరు తప్పు పడింది, ఫలానా వాళ్ళ రిటర్న్ సరుకుకు క్రెడిట్ నోట్ రాలేదు, బ్యాంకు స్టాక్ స్టేట్‌మెంట్ అడిగింది, ఇలా. రెండు వారాలయ్యాక ఆ పేజీలు చదివితే మీ అసలు ఉద్యోగం ఏమిటో కనిపిస్తుంది. మీ రెజ్యూమేలో కూడా 'అకౌంటెంట్, 14 సంవత్సరాలు' అని వదిలేయకుండా ఆ లైన్లే రాయాలి. ఎంతమంది సప్లయర్లు, నెలకు ఎన్ని బిల్లులు, ఎంత క్రెడిట్ సరిచూశారు, అంకెలతో.

ఆ కొత్త సాఫ్ట్‌వేర్‌ను దూరం పెట్టకండి. షాపులో దాన్ని అందరికంటే బాగా తెలిసినవాడు మీరే కావాలి. అది ఏ బిల్లు తప్పు చదువుతోందో, చేతిరాత బిల్లుల దగ్గర ఎక్కడ తడబడుతోందో మీకు తెలిస్తే ఓనరు మీ మీదే ఆధారపడతారు.

ఇంకో మెట్టు కూడా ఉంది. మీది బి.కాం. కాబట్టి జీఎస్టీ ప్రాక్టీషనర్‌గా పోర్టల్లో నమోదు చేసుకోవచ్చు. కేంద్ర పన్నుల శిక్షణ సంస్థ నాసిన్ పెట్టే పరీక్ష మీకు అవసరమో లేదో పోర్టల్లో ముందే చూసుకోండి. ఆ సంస్థ కొత్త ప్రాంగణం మన రాయలసీమలోనే, పాలసముద్రంలో, 2024 జనవరిలో ప్రారంభమైంది. నమోదైతే బయటి వ్యాపారుల రిటర్నులు మీరే వేసిపెట్టవచ్చు. చిత్తూరులో బెల్లం మండీలు ఉన్నాయి, తోతాపురి సీజన్లో రాత్రీపగలూ నడిచే గుజ్జు ఫ్యాక్టరీలు ఉన్నాయి. విడిగా అమ్మే బెల్లానికి పన్ను లేదు, లేబుల్ వేసి ప్యాకెట్ కడితే 2022 జూలై 18 నుంచి 5 శాతం. ఇలాంటివి తెలిసి, పక్కన కూర్చుని తెలుగులో విడమర్చి చెప్పే మనిషి కోసం చిన్న వ్యాపారులు వెతుక్కుంటున్నారు. ఉద్యోగం మానకుండా ముందు ఇద్దరు ముగ్గురికి చేసి చూడండి. మీ ఓనరుకు చెప్పే చేయండి, దాచొద్దు.

డేటా సైన్స్ మీద నాకు కోపం లేదు. కానీ ఆరు నెలల సర్టిఫికెట్‌తో మీరు నిలబడేది ఇరవై రెండేళ్ళ బీటెక్ పిల్లల లైన్లో. అక్కడ మీ పద్నాలుగేళ్ళకు విలువ కట్టేవాళ్ళు ఉండరు. నన్ను బాధపెట్టేది అదే. నిజంగా ఆసక్తి ఉంటే, కేంద్ర ప్రభుత్వం 2017లో మొదలుపెట్టిన స్వయం పోర్టల్లో పాఠాలు ఉచితంగా వినవచ్చు, సర్టిఫికెట్ కావాలంటేనే పరీక్ష ఫీజు. ఎనిమిది వారాలు వినండి. రాత్రి భోజనం అయ్యాక కూడా లాప్‌టాప్ తెరవాలని మీకే అనిపిస్తుంటే, అప్పుడు 85 వేల మాట మళ్ళీ మాట్లాడుకుందాం.

ప్రశ్న: డిప్లొమా (ఈసీఈ) చేశాను. రేణిగుంట దగ్గర ఒక ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలో కాంట్రాక్టు మీద రెండేళ్ళుగా ఉన్నాను. బోర్డుల్లో సోల్డరింగ్ తప్పులు కంటితో చూసి పట్టుకునే పని. ఇప్పుడు ఆ తప్పులు తనే పట్టే ఏఓఐ మెషిన్ వచ్చింది. మా లైన్లో సగం మందిని తగ్గిస్తారంటున్నారు. మానేసి పీఎఫ్ డబ్బు తీసుకుని ఇంకేదైనా కోర్సు చేద్దామా అని టెన్షన్‌గా ఉంది సార్.
– ఒక పాఠకురాలు, శ్రీకాళహస్తి

జవాబు: తల్లీ, నువ్వుగా మానేయొద్దు. ఆ మెషిన్ కెమెరాతో బోర్డును ఫోటో తీసి అనుమానం వచ్చిన ప్రతి చోటా ఎర్రగా చూపిస్తుంది. అందులో మంచి బోర్డులు కూడా బోలెడు ఉంటాయి. నిజమైన తప్పేదో, ఉత్త అనుమానమేదో ఎవరో ఒకరు చూసి తేల్చాలి. రెండేళ్ళు కంటితో చూసినదానివి, నీకంటే బాగా ఎవరు తేలుస్తారు? మీ సూపర్‌వైజర్‌ను ఈ వారమే అడుగు, ఏఓఐ దగ్గర ఒక షిఫ్టు నిలబడతానని. వీలైతే తప్పు బోర్డులు సరిచేసే రీవర్క్ బెంచీ మీద కూడా. ఐపీసీ-ఏ-610 అని, ఏ సోల్డర్ జాయింటు పనికొస్తుందో ఏది పనికిరాదో చెప్పే స్టాండర్డ్ ఉంది. ఫ్యాక్టరీలో దాని బొమ్మల చార్టు ఉంటే అది బట్టీ పట్టు. ఇంకో కంపెనీ ఇంటర్వ్యూలో ఆ పేరు నీ నోట రావాలి.

పై చదువు కావాలంటే డిప్లొమా వాళ్ళకు పెట్టే ఏపీ ఈసెట్ రాసి బీటెక్ రెండో సంవత్సరంలో నేరుగా చేరే దారి నీకు ఉండనే ఉంది.

పీఎఫ్ మాత్రం తీయకు. ఐదేళ్ళు నిండకుండా తీస్తే పన్ను పడవచ్చు, పెన్షన్‌కు పదేళ్ళ సర్వీసు కావాలి. కొత్త చోట చేరినప్పుడు ఉద్యోగం మారినా మారని నీ పీఎఫ్ యూఏఎన్ నంబరు ఇచ్చి పాత డబ్బు అందులోకి మార్పించుకో. కాంట్రాక్టు పని కాబట్టి ఇంకో మాట. ఈ రోజే ఫోన్లో నీ పీఎఫ్ పాస్‌బుక్ తెరిచి, ఈ రెండేళ్ళలో ప్రతి నెలా డబ్బు పడిందో లేదో జీతం స్లిప్పులు పక్కన పెట్టుకుని చూడు. ఏ నెలైనా తగ్గితే, అక్కడ పనిలో ఉండగానే అడుగు. బయటికొచ్చాక అడిగితే తిప్పుతారు.