రెండు వారాల్లో డేట్ ఇస్తామంటున్నారు.. బరువు తగ్గే ఆపరేషన్‌కి సరేననొచ్చా?

ప్రశ్న: నా వయసు 41. ఎత్తు 156 సెంటీమీటర్లు, బరువు 104 కిలోలు. ఆరేళ్లుగా షుగర్ ఉంది. మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్, డాపాగ్లిఫ్లోజిన్ వాడుతున్నా ఈమధ్య హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్) 8.6 వచ్చింది. బీపీ మాత్ర కూడా ఉంది. మోకాళ్ల నొప్పులకి మందుల షాపులో డైక్లోఫినాక్ కొనుక్కుని వేసుకుంటాను. జిమ్, కొబ్బరినూనె డైట్, రాత్రి అన్నం మానేయడం అన్నీ చేశాను. పది కిలోలు తగ్గడం, పన్నెండు కిలోలు పెరగడం. ఈమధ్య ఒక ఆసుపత్రి క్యాంపులో స్లీవ్ ఆపరేషన్ చేస్తామని, ఈ నెలలో అడ్వాన్స్ కడితే తగ్గింపు ఉంటుందని, రెండు వారాల్లో డేట్ ఇస్తామని చెప్పారు. మా ఆయన సరే అంటున్నారు. మా అత్తగారేమో ‘బాగున్న పొట్టని కోయించుకోవడమేంటి’ అని ఒప్పుకోవడం లేదు. ఇంజెక్షన్లతో తగ్గిపోతుందని మా ఆడపడుచు అంటోంది. పాపకి ఇంటర్ పరీక్షలు అయ్యాక వేసవిలో చేయించుకుందామని నా ఆలోచన. నిజంగా అవసరమా? అయితే ఎలా సిద్ధపడాలి? రెండు కాన్పులూ సిజేరియనే, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ కూడా అయిపోయింది. గురక ఎక్కువ. రాత్రి పడుకుంటే గొంతులోకి పుల్లగా వస్తుంది.
– ఒక పాఠకురాలు, గాజువాక, విశాఖపట్నం

జవాబు: సూటిగా చెబుతాను. ఈ ఆపరేషన్ మీకు అవసరమనే నా అభిప్రాయం. అయితే రెండు వారాల్లో కాదు, స్లీవేనని ఇప్పుడే ఖాయం చేసుకుని కూడా కాదు. ఉత్తరం చివర్లో రెండు విషయాలు పెద్దవి కానట్టు రాశారు: గురక, రాత్రిపూట గొంతులోకి పుల్లగా రావడం. మీకు ఏ ఆపరేషన్ చేయాలో, ఎప్పుడు చేయాలో తేల్చేవి ఆ రెండే.

మీ బీఎంఐ, అంటే ఎత్తుకి బరువు ఎంత ఉందో చూపే అంకె, లెక్కగడితే 42.7 వచ్చింది. 1991లో అమెరికాలో ఖరారైన పాత కొలత ప్రకారం బీఎంఐ 40 దాటినా, షుగర్ లాంటి జబ్బులతో 35 దాటినా ఆపరేషన్ చేయొచ్చు. 2022లో ఈ సర్జన్ల అంతర్జాతీయ సంఘాలు ఆ గీతను ఇంకా కిందికి దించాయి: జబ్బులేవీ లేకపోయినా 35, షుగర్ ఉంటే 30. మన ఆసియా వాళ్లకి తక్కువ బరువులోనే పొట్ట చుట్టూ కొవ్వు చేరి షుగర్ వచ్చేస్తుంది కాబట్టి 27.5 నుంచే ఆలోచించవచ్చన్నాయి. ఏ లెక్కన చూసినా మీరు అర్హులే.

మీ అత్తగారి మాట కొట్టిపారేయకండి. స్లీవ్‌లో పొట్టలో మూడొంతులకు పైగా కోసి బయటికి తీసేస్తారు. అరటిపండు ఆకారంలో సన్నగా కొంత మిగులుస్తారు. తీసింది మళ్లీ పెట్టలేం. కాబట్టి ఇంట్లో పెద్దావిడ భయపడటం సహజం. కానీ ఆవిడ ‘బాగున్న పొట్ట’ అంటున్నదే అసలు చూడాల్సింది. బరువు తగ్గిన ప్రతిసారీ శరీరం దాన్ని కరవుగా భావించి ఆకలిని పెంచుతుంది, శక్తి ఖర్చును తగ్గిస్తుంది. పది తగ్గి పన్నెండు పెరగడం మీ మనసు గట్టిది కాకపోవడం వల్ల జరిగింది కాదు. ఈ ఆపరేషన్లు పొట్టను చిన్నది చేయడంతో ఆగవు. ఆకలి పుట్టించే గ్రెలిన్ హార్మోన్ తగ్గుతుంది, కడుపు నిండిందని చెప్పే జీఎల్‌పీ-1 పెరుగుతుంది. అందుకే చాలామందికి బరువు పెద్దగా దిగకముందే, కొద్దిరోజుల్లోనే షుగర్ మాత్రలు తగ్గుతాయి. స్వీడన్‌లో 1987లో మొదలుపెట్టి దశాబ్దాలపాటు గమనించిన అధ్యయనంలో, ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు మామూలు వైద్యంతో ఉన్న స్థూలకాయుల కంటే సగటున మూడేళ్లు ఎక్కువ బతికారని తేలింది. రిస్కు లేదని చెప్పను. కుట్ల దగ్గర లీకు, రక్తస్రావం, కాళ్లలో గడ్డకట్టిన రక్తం ఊపిరితిత్తులకు చేరడం అరుదే కానీ ఉన్నాయి. చేయి తిరిగిన సర్జన్ల దగ్గర ప్రాణాపాయం వెయ్యికి ఒకటి దరిదాపుల్లో ఉంటుంది. ఇంచుమించు పిత్తాశయం తీసే ఆపరేషన్‌తో సమానం. సర్జన్ దగ్గరికి వెళ్లేటప్పుడు మీ ఆయనతోపాటు అత్తగారినీ తీసుకెళ్లండి. ఆవిడ సందేహాలు ఆవిడే అడగనివ్వండి. ఆపరేషన్ తర్వాత వంటింట్లో మీకు ఎక్కువగా ఆసరా అయ్యేది ఆవిడే.

మీ ఆడపడుచు మాటలోనూ నిజముంది. బరువు తగ్గించే ఇంజెక్షన్లలో మౌంజారో 2025 మార్చిలో, వెగోవీ అదే ఏడాది జూన్‌లో మన దేశంలోకి వచ్చాయి. మంచి మందులే. మౌంజారోలోని టిర్జెపటైడ్‌ని షుగర్ ఉన్నవాళ్లకు 72 వారాలు ఇచ్చి చూసిన ప్రయోగంలో, పెద్ద మోతాదుతో సగటున 15 శాతం దాకా బరువు తగ్గింది. మీ విషయంలో అది 15 కిలోలు. ఆపరేషన్‌తో 25 నుంచి 30 శాతం, అంటే 26 నుంచి 31 కిలోల వరకు తగ్గే అవకాశం ఉంది. పైగా ఇంజెక్షన్ ఆపేస్తే చాలామందికి బరువు తిరిగొస్తుంది. మీ బీఎంఐకి, మీ షుగర్‌కి ఆపరేషనే ఎక్కువ మేలు చేస్తుందని నా అంచనా. ఆలోపు బరువు, షుగర్ కాస్త దించడానికి మీ డాక్టర్ ఇంజెక్షన్ రాస్తే వాడొచ్చు. కానీ ఆ సంగతి మత్తు డాక్టర్‌కి తప్పనిసరిగా చెప్పాలి. ఈ మందులతో పొట్ట నెమ్మదిగా ఖాళీ అవుతుంది. లోపల ఆహారం మిగిలి ఉండగా మత్తు ఇస్తే అది ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదముంది.

ఇక గొంతులోకి పుల్లగా వస్తున్న సంగతి. స్లీవ్ తర్వాత మిగిలిన సన్నని పొట్టలో ఒత్తిడి పెరుగుతుంది. పైన అన్నవాహిక దగ్గరి కవాటం అప్పటికే వదులుగా ఉంటే ఆమ్లం ఇంకా పైకి తన్నుతుంది. స్లీవ్ చేయించుకున్నాక ఆ మంట తట్టుకోలేక రెండోసారి బైపాస్‌కి (పొట్టలో చిన్న సంచి మాత్రం ఉంచి, దాన్ని నేరుగా పేగుకి అతికే ఆపరేషన్) మార్పించుకునేవాళ్లు ఉన్నారు. అందుకే మీకు మొదట కావలసింది ఎండోస్కోపీ, అంటే గొంతులోంచి కెమెరా గొట్టం పంపి లోపల చూసే పరీక్ష. అన్నవాహికలో పుండ్లున్నాయా, పొట్ట పైభాగం ఛాతీలోకి జారిన హెర్నియా ఉందా, హెచ్ పైలోరీ సూక్ష్మజీవి ఉందా అన్నవి దాంట్లో తెలుస్తాయి. రిఫ్లక్స్ (ఆమ్లం పైకి తన్నడం) గట్టిగా ఉందని తేలితే మీకు స్లీవ్ కంటే రూ-ఎన్-వై గ్యాస్ట్రిక్ బైపాస్ నయం. ఆమ్లం పైకి రావడం తగ్గుతుంది, షుగర్ మీదా దాని ప్రభావం బాగుంటుంది. ఒకే అతుకుతో చేసే మినీ బైపాస్‌ని కూడా మన దగ్గర ఎక్కువగా చేస్తున్నారు. దాంట్లో పిత్తరసం పైకి వచ్చే అవకాశముంది కాబట్టి, మీలాంటి వాళ్లు దాని గురించి సర్జన్‌ని విడిగా అడగాలి. క్యాంపులో ఎండోస్కోపీ చేయకుండానే స్లీవ్ అని చెప్పి ఉంటే, ఆ సలహా సగమే అనుకోండి.

బైపాస్‌కీ ఒక షరతుంది. డైక్లోఫినాక్ లాంటి నొప్పి మాత్రలు ఆ అతుకు దగ్గర పుండ్లు పుట్టిస్తాయి, ఒక్కోసారి రంధ్రమే పడుతుంది. అలవాటు ఇప్పుడే మానేయండి. షుగర్, బీపీ రెండూ ఉన్న మీ కిడ్నీలకు కూడా అది మంచిది కాదు. నొప్పి ఎక్కువైతే డాక్టర్ చెప్పిన మోతాదులో పారాసిటమాల్ వేసుకోండి.

గురక విషయంలో ముందుగా మీ ఆయన్ని ఒక రాత్రి మెలకువగా ఉండి గమనించమనండి. గురక ఒక్కసారిగా ఆగి, కాసేపు ఊపిరి లేక, ఉలిక్కిపడి మళ్లీ అందుకుంటున్నారంటే అది స్లీప్ ఆప్నియా కావచ్చు. ఆయన ఏం చెప్పినా, నిద్రలో ఊపిరిని కొలిచే స్లీప్ స్టడీ మాత్రం మానొద్దు. ఈ జబ్బు ఉందని తెలియకుండా మత్తిస్తే, ఆపరేషన్ తర్వాత నొప్పి మందుల మగతలో ఊపిరి ఆగే ప్రమాదముంది. ఉందని తేలితే, నిద్రలో మాస్కు ద్వారా గాలి పంపే సీపాప్ మెషీన్ కొన్ని వారాలు ముందే మొదలుపెట్టి, ఆసుపత్రికీ వెంట తీసుకెళ్తారు. రెండు వారాల డేట్‌లో ఇదంతా ఇమడదు.

మిగతా పరీక్షల్లో రక్త పరీక్షలు, ఈసీజీ, టూడీ ఎకో, థైరాయిడ్, పిత్తాశయంలో రాళ్ల కోసం అల్ట్రాసౌండ్ మామూలే. బీ12 ముఖ్యం. ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వాడితే అది తగ్గుతుంది, బైపాస్ తర్వాత ఇంకా తగ్గుతుంది. ఐరన్ నిల్వలు, విటమిన్ డి కూడా చూపించుకుని లోపాలు ముందే సరిచేసుకోండి. కంటి రెటీనా పరీక్షను చాలామంది వదిలేస్తారు. షుగర్ ఒక్కసారిగా దిగినప్పుడు అప్పటికే దెబ్బతిన్న రెటీనా కొందరిలో ఇంకా పాడవుతుంది. హెచ్‌బీఏ1సీని 8 లోపుకు తీసుకురావాలి. మానసిక నిపుణుల దగ్గరికి పంపితే కోప్పడకండి. దిగులొస్తే తినడం, అర్ధరాత్రి లేచి తినడం లాంటివి ఉంటే దాచకుండా చెప్పండి. సిజేరియన్ల సంగతి సర్జన్‌కి చెబితే చాలు. కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అయింది కాబట్టి మీకు గర్భం చింత లేదు. ఇది చదివే చిన్న వయసు ఆడవాళ్లు మాత్రం ఆపరేషన్ తర్వాత 12 నుంచి 18 నెలలు గర్భం రాకుండా చూసుకోవాలి, బైపాస్ అయితే గర్భనిరోధక మాత్రల మీద భరోసా పెట్టుకోవద్దు.

ఆపరేషన్‌కి ముందు రెండు వారాలు తక్కువ కేలరీల, ఎక్కువ ప్రొటీన్ ద్రవాహారం ఇస్తారు. దాని అసలు ఉద్దేశం కాలేయంలో కొవ్వు కరిగించడం. కాలేయం పొట్ట మీద కప్పినట్టు ఉంటుంది. ఉబ్బిన కాలేయాన్ని పైకెత్తి పట్టుకోవడం లాపరోస్కోపీలో (చిన్న రంధ్రాల ద్వారా చేసే ఆపరేషన్‌లో) కష్టం. ఈ రెండు వారాల్లోనే మీ మాత్రలతో అసలు జాగ్రత్త కావాలి. గ్లిమిపిరైడ్ పాత మోతాదులోనే వేసుకుంటే షుగర్ పడిపోతుంది. డాపాగ్లిఫ్లోజిన్‌ని ఆపరేషన్‌కి కనీసం 3 రోజుల ముందు ఆపాలి. అన్నం మానేసి ఈ మాత్ర వేసుకుంటూ పోతే, మీటర్లో షుగర్ మామూలుగానే కనిపిస్తున్నా రక్తంలో కీటోన్లు అనే ఆమ్లాలు పెరిగి ప్రాణం మీదికి రావచ్చు. కాబట్టి ద్రవాహారం మొదలయ్యే రోజే దాన్ని ఆపాలా అని మీ షుగర్ డాక్టర్‌ని అడగండి. ఏ మాత్రా సొంతంగా మార్చొద్దు. రెండు ఆసుపత్రుల మందుల చీటీలూ ఒకే ఫైల్లో పెట్టి ఇద్దరు డాక్టర్లకీ చూపించండి.

ఇవాళ్టి నుంచే ఇంట్లో ఒక సాధన మొదలుపెట్టండి. 30 మిల్లీలీటర్ల కొలత కప్పులో నీళ్లు పోసుకుని, గటగటా కాకుండా పావుగంట సేపు చిన్న చిన్న గుక్కలుగా తాగండి. ఆపరేషన్ తర్వాత రోజుకి లీటరున్నర తాగాలి, అంటే ఇలాంటివి 50 కప్పులు. మెలకువగా ఉన్న ప్రతి గంటకీ మూడు. అందుకే మే నెల అంటే నాకు కొంచెం సంకోచం. విశాఖ ఉక్కపోతలో కూర్చున్నచోటే చెమటలు కారుతాయి, పొట్టలో గ్లాసు నీళ్లు పట్టవు. ఈ ఆపరేషన్ల తర్వాత మళ్లీ ఆసుపత్రిలో చేరాల్సి వచ్చే కారణాల్లో ఒంట్లో నీరు తగ్గిపోవడం ముఖ్యమైంది. పరీక్షలు, సీపాప్, షుగర్ అదుపు అన్నీ వేసవిలో పూర్తి చేసుకుని, వానలు పడ్డాక డేట్ పెట్టుకుంటే మీకు సుఖం. పాప సెలవులే కారణమై వేసవి తప్పదనుకుంటే, చల్లటి గదిలో ఉండే ఏర్పాటు చేసుకోండి.

రెండో సాధన భోజనంలో. ముద్దని మెత్తగా పిండయ్యేదాకా నమిలి మింగండి. తింటూ నీళ్లు తాగొద్దు, తిన్న అరగంట తర్వాతే తాగండి. ఆపరేషన్ తర్వాత మొదటి రెండు వారాలు వడగట్టిన పెసరకట్టు, పలచటి మజ్జిగ, పలచని చోడి అంబలి, డైటీషియన్ చెప్పిన ప్రొటీన్ పొడి. తర్వాత మెత్తగా చేసినవి. ఆరు నుంచి ఎనిమిది వారాలకు మామూలు తిండి, కొద్దికొద్దిగా. రోజుకి 60 నుంచి 80 గ్రాముల ప్రొటీన్ వెళ్లాలి. గుడ్డులో 6 గ్రాములు, గ్లాసు పాలలో 8, వంద గ్రాముల చేపలో 20 దాకా ఉంటుంది. విశాఖలో ఉన్నందుకు మీకు చేప ఓ వరం. పులుసులో మెత్తగా ఉడికిన వంజరం ముక్క, కానాగంత తేలిగ్గా లోపలికి వెళ్తాయి. కంచంలో ముందు చేప లేదా గుడ్డు, తర్వాత కూర, చోటు మిగిలితే అన్నం. అన్నం ముందు తింటే ఇంకేదీ పట్టదు. బైపాస్ అయ్యాక ఎవరైనా మాడుగుల హల్వా తెచ్చిపెట్టినా వద్దనే చెప్పండి. తీపి నేరుగా పేగులోకి దిగి గుండె దడ, చెమటలు, కళ్లు తిరగడం వస్తాయి. దీన్నే డంపింగ్ అంటారు.

జుట్టు మూడో నెల నుంచి ఆరో నెల మధ్య రాలుతుంది. ప్రొటీన్, ఐరన్ సరిగ్గా ఉంటే మళ్లీ మొలుస్తుంది. పిత్తాశయంలో రాళ్లు రాకుండా ఆరు నెలలు ఒక మందు ఇస్తారు. మల్టీ విటమిన్, కాల్షియం, విటమిన్ డి, బీ12, ఐరన్ మాత్రం జీవితాంతం. ఏటా రక్త పరీక్షలు కూడా. ఇది చేయలేనని అనిపిస్తే ఆపరేషన్‌కి వెళ్లకండి. నిర్ణయం నిజంగా ఆగాల్సిన చోటు ఇదే. ఆపరేషన్ ఒక పూట పని, మాత్రలు రోజూ వేసుకోవాల్సినవి.

డబ్బు సంగతి. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నిబంధనల ప్రకారం బీఎంఐ 40 దాటినవాళ్లకు, లేదా 35 దాటి అదుపులో లేని టైప్-2 షుగర్, తీవ్రమైన స్లీప్ ఆప్నియా, గుండె జబ్బు లాంటివి ఉన్నవాళ్లకు ఆరోగ్య బీమాలో ఈ ఆపరేషన్ కవర్ కావచ్చు. మీ పాలసీలో వెయిటింగ్ పీరియడ్, అంటే క్లెయిమ్‌కి ముందు ఆగాల్సిన కాలం, ఎంతో ముందు చూడండి. ఆసుపత్రిని కాగితం మీద అంచనా అడగండి. పొట్టను కోసి కుట్లు వేసే స్టేప్లర్లు, ఐసీయూ, మళ్లీ చేరాల్సి వస్తే ఖర్చు అందులో ఉన్నాయో లేదో చూసుకోండి. తగ్గింపు కంటే సర్జన్ ఇలాంటివి ఏటా ఎన్ని చేస్తారు, డైటీషియన్ తర్వాత కూడా అందుబాటులో ఉంటారా, అర్ధరాత్రి ఫోన్ చేస్తే ఎవరు ఎత్తుతారు అన్నవి అడగడం ముఖ్యం.

ఆ ఫోన్ నంబరు ఇంట్లో అందరి దగ్గరా ఉండాలి. ఇంటికొచ్చాక కూర్చుని ఉన్నప్పుడే నాడి నిమిషానికి 120 దాటినా, జ్వరం వచ్చినా, పొట్టలో లేదా ఎడమ భుజంలో నొప్పి పెరుగుతున్నా, ఆయాసం వచ్చినా, ఒక కాలి పిక్క వాచినా, ఒకటి రెండు రోజులు ఏదీ నిలవకుండా వాంతులవుతున్నా గ్యాస్ అనుకుని వీధిలో ఆర్ఎంపీ చేత ఇంజెక్షన్ వేయించుకోవద్దు. ఏ వేళైనా సరే, ఆపరేషన్ చేసిన ఆసుపత్రికే వెళ్లండి.