రెండు కట్టడాల మధ్య సందు: చెక్క నేలను ఎంతవరకు పొడిగించవచ్చు?

న్యూజెర్సీలో పాత ఇల్లు కొనుక్కొన్న మనవాళ్లకు వచ్చే సందేహం ఇది. అసలు ఇంటి వెనుకనే, వేరే పునాది మీద, తరువాతెప్పుడో కట్టిన గది ఒకటి ఉంటుంది; రెండింటి నడుమ నాలుగైదు అంగుళాల సందు ఉంటుంది. మధ్య గోడలో తలుపు పెట్టుకొనేటప్పుడు ఇంటివైపు నేలను పొడిగించి ఆ సందును తగ్గించవచ్చునా? తగ్గించవచ్చు. కాని పూర్తిగా మూయకూడదు, నేల మీద పరిచే చెక్క పలకను రెండు కట్టడాలకూ బిగించకూడదు.

మనకు నేల అంటే కాంక్రీటు స్లాబు. ఇక్కడి ఇళ్లలో సాధారణంగా 16 అంగుళాల ఎడంతో జాయిస్టులు, అంటే చెక్క దూలాలు, వేసి వాటి మీద ముప్పావు అంగుళం ప్లైవుడ్ పలకలు గాని ఓఎస్‌బీ (చెక్క పేళ్లను జిగురుతో అదిమి చేసిన పలకలు) గాని పరుస్తారు. బలం జాయిస్టులది. కింద ఆధారం లేకుండా పలక అంచును సందులోకి వదిలితే అడుగు పడినప్పుడల్లా అది వంగి లేస్తుంది. కొన్నాళ్లకు మేకులు వదులై కిర్రుమంటాయి, పైన టైల్సు ఉంటే వాటి మధ్య నింపిన గ్రౌటు చిట్లుతుంది.

కాబట్టి ముందు ఆధారాన్ని పొడిగించాలి. తక్కువ సందుకు సులువైన పద్ధతి, బయటి గోడకు కప్పిన పలకలు (సైడింగ్) తీసి, ఇంటి అంచు దూలానికి అదే ఎత్తు గల కలపను బోల్టులతో బిగించడం. పేరుకు రెండంగుళాల కలప అయినా దాని అసలు మందం ఒకటిన్నర అంగుళమే గనుక, రెండు వరుసలు వేస్తే మూడు అంగుళాలు కలిసివస్తుంది. తడి తగిలే చోట మందు పట్టించిన కలపే వాడాలి. ఆపైన అంచుకు సన్నని ముక్క అతికించడం నాకు సమ్మతం కాదు. పాత పలకను రెండు జాయిస్టుల వెనక్కి కోసి, అక్కడి నుంచి కొత్త అంచు దాకా ఒకే పలక వేసి, జిగురు పూసి స్క్రూలు బిగిస్తేనే నేల గట్టిగా నిలుస్తుంది. ఇంతకన్నా ఎక్కువ దూరం పొడిగించాలంటే జాయిస్టులనే బయటికి తేవాలి. అప్పుడు బయటికి వచ్చిన కొలతకు రెండు మూడు రెట్లయినా లోపల ఉండాలి. జాయిస్టులు సందుకు సమాంతరంగా ఉంటే పని మరీ చిక్కు. ఆ లెక్క స్ట్రక్చరల్ ఇంజినీరు చేత వేయించండి.

మిగిలిన అంగుళమో ఒకటిన్నరో ఎందుకు వదలాలంటే, రెండు పునాదులూ ఒకే తీరున కుంగవు, చలికాలపు మంచుకు ఒకే తీరున లేవవు. చెక్క కూడా వేసవి తేమకు ఉబ్బి, హీటింగు వేడికి ముడుచుకుంటుంది. హైదరాబాదు అపార్టుమెంట్లలో రెండు బ్లాకుల నడుమ అల్యూమినియం పట్టీ కింద ఉండేది ఇటువంటి ఖాళీయే. ఇక్కడా లోహపు పట్టీ వేసి, ఒక్క వైపే స్క్రూలు బిగించండి. కాలిఫోర్నియాలో ఉన్నవారికి ఈ ఖాళీ మరింత ముఖ్యం: 1989 లోమా ప్రియెటా భూకంపంలో పక్కపక్క కట్టడాలు ఒకదానినొకటి ఢీకొని దెబ్బతిన్నాయి.

సందుకు అవతలిది పొరుగువారి కట్టడమైతే ఈ ఆలోచన మానుకోండి. అక్కడ సరిహద్దు గీత, మంట వ్యాపించకుండా పెట్టిన నియమాలు అడ్డువస్తాయి. రెండూ మీవే అయినా, మూసిన సందు మంటకు పొగగొట్టంలా పనిచేస్తుంది గనుక లోపల ఫైర్‌బ్లాకింగ్ (మంట పాకకుండా పెట్టే అడ్డు) ఎలా పెట్టాలో, పైన వాన నీరు దిగకుండా ఫ్లాషింగ్ (నీటిని పక్కకు మళ్లించే రేకు) ఎలా వేయాలో టౌన్‌షిప్ కన్‌స్ట్రక్షన్ ఆఫీసులో అడిగి, పర్మిట్ తీసుకోండి. ఇన్‌స్పెక్టరు చూసేదాకా పలక పరచవద్దని కాంట్రాక్టరుకు ముందే చెప్పండి.