రౌండు లెక్క రౌండుతోనే: బాక్సింగ్ అభిమానుల ప్రశ్నలకు జవాబులు

పాత బాక్సింగ్ పోటీలను ఇంట్లో కూర్చుని చూస్తూ, మనమే జడ్జీలమై మార్కులు వేసుకోవడం గురించి గత నెల రాసిన తర్వాత పర్లాకిమిడిలోని మా ఇంటికి చాలా ఉత్తరాలు వచ్చాయి. ఒడిశా సరిహద్దు జిల్లాలలో తెలుగు చదివేవారు ఇంతమంది ఈ ఆటను చూస్తున్నారని నేను అనుకోలేదు. వాటిలో ఐదింటికి ఇక్కడ జవాబు ఇస్తున్నాను.

మాస్టారికి నమస్కారాలు. నేను కాగితం మిల్లులో పనిచేసి విరమించినవాడిని. 1987లో మార్విన్ హాగ్లర్‌కూ షుగర్ రే లియోనార్డ్‌కూ జరిగిన పోటీని మొన్న మా అల్లుడుగారితో కలిసి చూశాను. నా లెక్కలో హాగ్లర్ గెలిచాడు, ఆయన లెక్కలో లియోనార్డ్. రెండు రోజులుగా ఇంట్లో ఇదే గొడవ. ఎవరి లెక్క తప్పు? — ఒక పాఠకుడు, రాయగడ

ఇద్దరిదీ తప్పు కాకపోవచ్చు. ఆ రాత్రి లాస్ వేగాస్‌లో రింగు పక్కన కూర్చున్న ముగ్గురు జడ్జీలే ఒక మాట మీద లేరు. ఒకరు 115-113తో లియోనార్డ్‌ను, మరొకరు అవే అంకెలతో హాగ్లర్‌ను గెలిపించగా, మూడవవారు 118-110 అని లియోనార్డ్ వైపు రాశారు. అంటే 12 రౌండ్లలో హాగ్లర్‌కు దక్కినవి రెండే అన్నమాట. మీ అల్లుడుగారు ఈ మూడవ అంకెను పట్టుకుని వాదిస్తున్నట్లయితే నేను మీ పక్షమే.

గొడవ ఎక్కడ పుడుతుందో చెబుతాను. ఇప్పుడు వాడుకలో ఉన్న పద్ధతిలో రౌండు గెలిచినవాడికి 10, ఓడినవాడికి 9 వేస్తారు. ఒకసారి కింద పడితే ఆ 9 సాధారణంగా 8 అవుతుంది, రెండుసార్లు పడితే 7. ఎవరూ పడని రౌండును వెంట్రుకవాసిలో గెలిచినా, మూడు నిమిషాలూ ఎదుటివాణ్ణి తాళ్లకు ఆనించి ఉతికినా, చాలావరకు వచ్చేది ఆ 10-9 మాత్రమే. కాబట్టి ఏడు రౌండ్లను బొటాబొటీగా గెలిచి, ఐదు రౌండ్లలో బాగా దెబ్బలు తిన్నవాడు కూడా 115-113తో పోటీ గెలుస్తాడు. పోటీ అంతా అయ్యాక మన మనసులో మిగిలే బొమ్మ మాత్రం ఆ ఐదు రౌండ్లదే అవుతుంది. మీరు వెనక్కి తిరిగి చూసి హాగ్లర్ గెలిచాడంటున్నారో, గంట మోగినప్పుడల్లా రాసుకున్న అంకెలను కూడి అంటున్నారో ముందు తేల్చుకోండి. కిరాణా కొట్టువాడు ఏ రోజు లెక్క ఆ రోజే కట్టుకుంటాడు గాని, నెలాఖరున తలపోసుకుని రాయడు కదా.

ఆ పోటీలో హాగ్లర్ చేజేతులా వదులుకున్నవి మొదటి రౌండ్లు. స్వతహాగా ఎడమచేతి వాటంతో నిలబడేవాడు ఆ రోజు కుడిచేతి వాటంతో మొదలుపెట్టాడు. దాదాపు మూడేళ్లుగా పోటీ ఎరగని లియోనార్డ్ ఆ సందులో దూరి, కొట్టి తప్పుకుంటూ ముందంజ వేశాడు. తన వాటానికి తిరిగి వచ్చాక హాగ్లర్ బలం తెలిసింది. ఐదవ రౌండు చివర అతని అప్పర్‌కట్ (కింది నుంచి పైకి విసిరే దెబ్బ) తగిలి లియోనార్డ్ తడబడటం మీరు గమనించే ఉంటారు. అయితే లియోనార్డ్ దగ్గర ఒక కిటుకు ఉంది. రౌండులో మొదటి రెండున్నర నిమిషాలు ఎలా గడిచినా, చివరి అరనిమిషంలో రెండు చేతులూ గబగబా ఆడిస్తాడు. జనం లేచి అరుస్తారు, గంట మోగుతుంది, జడ్జీ పెన్సిలు తీసే సమయానికి కళ్లలో ఉన్నది ఆ అరనిమిషమే. ఆ దెబ్బలలో చాలా భాగం హాగ్లర్ చేతుల మీద, మోచేతుల మీద పడ్డాయని నెమ్మదిగా తిప్పి చూస్తే తెలుస్తుంది.

అందుకని మీరిద్దరూ ఈ పని చేయండి. టీవీ శబ్దం పూర్తిగా తీసివేయండి. వ్యాఖ్యాత గొంతు పెంచినచోట మన చేయి కూడా తెలియకుండానే అటు మార్కు వేస్తుంది. ప్రతి రౌండునూ రెండున్నర నిమిషాల దగ్గర ఆపి, అప్పటికి ఎవరు పైచేయిగా ఉన్నారో ఒకరి కాగితం ఒకరికి కనపడకుండా రాసుకోండి. తర్వాత మిగిలిన అరనిమిషం చూసి, అభిప్రాయం మారితే పక్కన మరొక గడిలో రాయండి. ఎన్ని రౌండ్లలో మారిందో లెక్కపెడితే మీ గొడవ ఎన్ని రౌండ్ల గురించో బయటపడుతుంది. నా స్కోరు పుస్తకంలో ఈ పోటీకి మూడు పేజీలున్నాయి. మొదటిసారి లియోనార్డ్‌కు 115-113 వేశాను, కొన్నేళ్ల తర్వాత 114-114 వచ్చింది, శబ్దం తీసి చూసినప్పుడు హాగ్లర్‌కు 115-113. హాగ్లర్ ఆ ఓటమి తర్వాత మళ్లీ రింగులోకి దిగలేదు గనుక, మూడవ పేజీ రాసిన రోజు నాకు కొంచెం బాధ కలిగింది.

గురువుగారూ, 1990 నాటి చావెజ్–టేలర్ పోటీలో టేలర్ ముందున్నాడని అందరూ అంటారు. మరి ఓడినట్లు ఎలా ప్రకటించారు? అతను పడిన రౌండుకు రెండు మార్కులు పోయినా గెలిచేవాడా? — ఒక పాఠకుడు, గుణుపురం

గెలిచేవాడు. 11 రౌండ్లు ముగిసేసరికి ఇద్దరు జడ్జీల కాగితాలపై మెల్డ్రిక్ టేలర్ 107-102, 108-101తో ముందున్నాడు. మూడవ కాగితంపై జూలియో సీజర్ చావెజ్ 105-104తో ముందున్నాడు. చివరి రౌండును చావెజ్‌కు 10-8గా కలిపి చూడండి. మొదటి కాగితం టేలర్‌కు 115-112, రెండవది 116-111, మూడవది చావెజ్‌కు 115-112 అవుతుంది. ముగ్గురిలో ఇద్దరు టేలర్ వైపే. కానీ కాగితాలు తీసే అవసరం రాలేదు. మూలన పడి లేచిన టేలర్‌ను బాగున్నావా అని రిఫరీ రిచర్డ్ స్టీల్ అడిగాడు, జవాబు రాలేదు, టేలర్ చూపు తన శిక్షకులుండే మూల వైపు తిరిగింది. ఇంకా రెండు సెకన్లు ఉందనగా స్టీల్ పోటీని ఆపేశాడు. గడియారం చూడటం రిఫరీ పని కాదని, ఎదురుగా ఉన్న మనిషి కాచుకోగలడా లేడా అన్నదే అతను చూడాలని నా అభిప్రాయం. ముఖమంతా ఉబ్బి, రక్తం మింగుతూ ఆడిన టేలర్‌ను ఆ రౌండు మొదటి నుంచి ఒకసారి చూడండి, మీకూ స్టీల్ మీద కోపం కొంత తగ్గుతుంది.

అలీ–ఫ్రేజియర్ మొదటి పోటీలో చివరి రౌండులో అలీ కింద పడ్డాడు గదా, ఆ ఒక్క దెబ్బతోనే ఓడిపోయాడా? — ఒక పాఠకుడు, పర్లాకిమిడి

లేదు. మా ఊరివారే అడిగారు గనుక ఒక సొంత సంగతి చెప్పి మొదలుపెడతాను. 1971 మార్చి 8న న్యూయార్క్‌లో జరిగిన ఆ పోటీ వార్త, నౌపడా నుంచి వచ్చే చిన్న రైలులో పత్రికల కట్ట దిగిన తర్వాతే మనకు తెలిసింది. బొమ్మ చూడటానికి మరో పదిహేనేళ్లు పట్టింది. అద్దెకు తెచ్చిన వీడియో క్యాసెట్టులో 13 రౌండ్లు సజావుగా నడిచాక, ఉన్నట్టుండి ఎవరిదో పెళ్లి మొదలైంది. షాపువాడిని అడిగితే పెళ్లి కూడా బాగుంది చూడండి సార్ అన్నాడు. ఆ విధంగా, జో ఫ్రేజియర్ ఎడమచేతి హుక్‌కు (మోచేయి వంచి పక్క నుంచి కొట్టే దెబ్బ) అలీ వెల్లకిలా పడిన 15వ రౌండును నేను చాలా కాలం వరకు చూడలేదు. అయినా క్యాసెట్టు ఆగిన చోటికి నా లెక్కలో ఫ్రేజియరే ముందున్నాడు.

అప్పట్లో న్యూయార్క్‌లో పది మార్కుల పద్ధతి కాకుండా, ఎవరు ఎన్ని రౌండ్లు గెలిచారన్నదే లెక్క. రిఫరీ కూడా మార్కులు వేసేవాడు. రిఫరీ ఆర్థర్ మెర్కాంటే కాగితంలో ఫ్రేజియర్‌కు ఎనిమిది, అలీకి ఆరు, ఒకటి సమానం. జడ్జీలలో ఒకరు 9-6, మరొకరు 11-4, రెండూ ఫ్రేజియర్‌కే. కింద పడినా పడకపోయినా పోయేది ఒక్క రౌండే గనుక, ఆ ప్రసిద్ధమైన హుక్‌కు అదనంగా దక్కినది ఏమీ లేదు. 15వ రౌండును అలీకి ఇచ్చినా 9-6 కాస్తా 8-7 అయ్యేది, ముగ్గురిలో ఇద్దరు ఫ్రేజియర్ వైపే ఉండేవారు. పాత పోటీకి మార్కులు వేసేటప్పుడు ఆనాటి పద్ధతి ఏదో ముందు తెలుసుకోవాలని నేను పట్టుబట్టడం ఇందుకే. అదే నెల 16న లండన్‌లో జో బగ్నర్, హెన్రీ కూపర్‌ను ఓడించినది పావు మార్కుతో. అక్కడ జడ్జీలే లేరు. రిఫరీ ఒక్కడే తేల్చాడు.

మాస్టారూ, నేను డిగ్రీ చదువుతున్నాను. నిఖత్ జరీన్ పోటీలు చూసి ఈ ఆట మీద ఇష్టం కలిగింది. ఆమె 2022 ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఫైనల్‌లో 5-0 అని వేశారు, అంటే ఐదు దెబ్బలు కొట్టిందనా? — ఒక విద్యార్థిని, బరంపురం

కాదమ్మా. ఆ 5-0 అంటే ఐదుగురు జడ్జీలూ ఆమే గెలిచిందన్నారని. ఇస్తాంబుల్‌లో థాయిలాండ్ అమ్మాయి జిత్‌పాంగ్ జుటామస్‌తో మూడు రౌండ్లు జరిగాయి. ఒక్కొక్క జడ్జీ ఒక్కొక్క రౌండుకు 10, 9 వేసుకుంటూ పోతారు, చివర ఎవరి మొత్తం వారిదే. ఐదుగురిలో ముగ్గురి లెక్క 29-28 అని వచ్చింది, అంటే వారి దృష్టిలో జుటామస్ కూడా ఒక రౌండు గెలిచింది. 5-0 అన్న అంకె చూసి పోటీ ఏకపక్షమనుకుంటే పొరపాటే. నిజామాబాద్ అమ్మాయి అన్న అభిమానం పక్కన పెట్టి రెండవ రౌండును మళ్లీ చూసి మార్కు వేయండి.

దెబ్బలు లెక్కపెట్టే పద్ధతి కూడా ఒకప్పుడు ఉండేది, మీ అనుమానం పూర్తిగా వృథా కాదు. 1988 సియోల్ ఒలింపిక్స్ ఫైనల్‌లో రాయ్ జోన్స్ 86 దెబ్బలు తగిలిస్తే, కొరియా బాక్సర్ పార్క్ సి-హున్ తగిలించినవి 32. అయినా 3-2 తేడాతో పార్క్‌ను విజేతగా ప్రకటించారు. ఆ అల్లరి తర్వాత 1992 నుంచి ఒలింపిక్స్‌లో మీటలు నొక్కే యంత్రం వచ్చింది. ఐదుగురిలో ముగ్గురు ఒక సెకను లోపల నొక్కితేనే పాయింటు. ఫలితంగా కడుపులో దిగే గట్టి దెబ్బకు విలువ తగ్గి, దూరం నుంచి తాకించి పారిపోయే ఆటకు గిరాకీ పెరిగింది. 2013లో దాన్ని వదిలి, పది మార్కుల పద్ధతికే వచ్చారు.

నమస్తే. రౌండును సమానంగా 10-10 వేయవచ్చా? స్కోరు పుస్తకం ఎలా గీసుకోవాలి? — ఒక పాఠకుడు, కోరాపుట్టు

10-10 నిషేధం కాదు, కానీ జడ్జీలు అలా వేయడాన్ని ప్రోత్సహించరు. మూడు నిమిషాలు కళ్లప్పగించి చూసినవాడికి ఏదో ఒకవైపు మొగ్గు కనపడాలి. చూడవలసినవి నాలుగు: నికరంగా తగిలిన దెబ్బలు, ఫలితమిచ్చే దూకుడు, రింగు మీద పెత్తనం, కాచుకునే నేర్పు. మొదటిదానితోనే తేలిపోతే మిగతా మూడింటి జోలికి నేను పోను. ముందుకు నడుస్తూ దెబ్బలు తినేవాడిని దూకుడుగా ఆడుతున్నాడని మెచ్చుకోవడం మనవారిలో ఉన్న బలహీనత. 1993లో పెర్నెల్ విటేకర్ అదే చావెజ్‌ను నిలువెల్లా అందకుండా ఆడించినా, ఇద్దరు జడ్జీలు 115-115 వేసి పోటీని సమం చేశారు. నా పుస్తకంలో విటేకర్‌కు తొమ్మిది రౌండ్లున్నాయి.

పుస్తకానికి పిల్లల రెండు వందల పేజీల నోటుబుక్కు చాలు. నిలువుగా నాలుగు గడులు గీయండి: రౌండు సంఖ్య, ఇద్దరికీ ఒక్కొక్కటి, చివరిది వెడల్పుగా మీ మాట కోసం. ఆ వెడల్పు గడిలో పొగడ్తలు రాయకండి, 'ఎడమ హుక్, కడుపులో రెండు, తాళ్ల దగ్గర' అన్నట్లు చూసినది మాత్రం రాయండి. పెన్సిలు వద్దు, చెరపాలనిపిస్తుంది, పెన్నుతోనే రాయండి. గంట మోగిన తర్వాత విరామం ఒక్క నిమిషమే. అది దాటేలోపు అంకె పడిపోవాలి. మొత్తాలు చివరి రౌండు అయ్యాకే కూడండి, మధ్యలో కూడితే వెనకబడినవాడి మీద జాలి పుడుతుంది. ఎదుటి పేజీని ఖాళీగా వదిలిపెట్టి, పైన తేదీ వేయండి. అదే పోటీని మరో నాలుగేళ్లకు చూసినప్పుడు ఎడమవైపు అంకెలను కాగితంతో కప్పి, కుడివైపున మళ్లీ రాయాలి.