సమాధానం: యూవీ టెలిస్కోప్‌లో సూర్యుడి తరహా తారలకు రెట్టింపు కౌంట్లు

మీ యూవీ (అతినీలలోహిత) టెలిస్కోప్‌లో సూర్యుడి తరహా తారలకు లెక్క కన్నా రెట్టింపు కౌంట్లు ఎందుకొస్తున్నాయని అడిగారు. 230–290 నానోమీటర్ల బ్యాండ్, సీమాస్ సెన్సర్ (సిలికాన్ కెమెరా చిప్), ఓడీ 3 ఫిల్టర్ (బ్యాండ్ బయటి కాంతిని వెయ్యో వంతుకు తగ్గించేది) అన్నారు. వేడి తారలు లెక్కకు సరిపోతూ, సూర్యుడి తరహావి మాత్రమే రెట్టింపు చూపిస్తున్నాయంటే గెయిన్‌ను (సెన్సర్ సిగ్నల్‌ను కౌంట్లుగా మార్చే గుణకాన్ని) అనుమానించక్కర్లేదు. ఇది రెడ్ లీకే, అంటే ఫిల్టర్ ఆపాల్సిన పొడుగు తరంగాల కాంతి కొంత దాటి సెన్సర్‌కు చేరుతోంది.

అలాంటి తార నుంచి మీ బ్యాండ్‌లో ఒక ఫోటాన్ వస్తే, 400–900 నానోమీటర్ల మధ్య సుమారు రెండు వందలు వస్తాయి. పైగా సిలికాన్ వాటిని ఇంకా బాగా పట్టుకుంటుంది. ఫిల్టర్ యూవీని 30 శాతమే వదిలితే, ఓడీ 3 దగ్గర లీకూ సిగ్నలూ ఇంచుమించు సమానం. ఓడీ 5 (లక్షో వంతు) ఉంటేనే లీకు ఒక శాతం దగ్గరికి దిగుతుంది.

ముందు రుజువు చేసుకోండి. 400 నానోమీటర్ల కింద కోసేసి, పొడుగు తరంగాలను మాత్రమే వదిలే లాంగ్‌పాస్ గాజును సెన్సర్ ముందు పెట్టి అదే తారను మళ్లీ తీయండి. వచ్చిన కౌంట్లను గాజు ట్రాన్స్‌మిషన్‌తో భాగిస్తే లీకు తేలుతుంది. గాజు మందంలో దాదాపు మూడో వంతు ఫోకస్ వెనక్కి జరుగుతుంది, సరిచేసుకోవాలి.

ఒక్క ఫిల్టర్‌నే ఓడీ 5కి నెడితే యూవీ కూడా పడిపోతుంది. కాంతి దారిని మళ్లించే మడత అద్దాన్ని, యూవీని మాత్రమే పరావర్తనం చేసే డైక్రోయిక్‌గా మార్చి, దాటిపోయిన దృశ్యకాంతిని వెనుక నల్లటి ట్రాప్‌లో పడనివ్వండి. చోటుంటే అలాంటివి రెండు అద్దాలు పెట్టండి. ఎఫ్/2 బీమ్‌లో (కిరణాలు బాగా వాలుగా వచ్చి కలిసే చోట) అయితే అంచు కిరణాలకు ఫిల్టర్ బ్యాండ్ సుమారు 3 నానోమీటర్లు పొట్టి తరంగాల వైపు జరుగుతుంది. ఫిల్టర్ ఆర్డర్‌లో కిరణాలు పడే కోణం తప్పక రాయండి.

ఇమేజ్ సబ్‌ట్రాక్షన్ (కొత్త చిత్రం నుంచి పాత చిత్రాన్ని తీసివేయడం) చూసుకుంటుందిలే అనుకోకండి. రాశిచక్ర కాంతిది (గ్రహాల మధ్య ధూళి చెదరగొట్టే సూర్యకాంతిది) సూర్యుడి వర్ణపటమే, కాబట్టి అదీ ఇలాగే లీకవుతుంది. తీసివేతతో దాని మట్టం పోతుంది గానీ నాయిస్ పోదు. మసక ట్రాన్సియెంట్లు (ఆకాశంలో కొంతసేపే వెలిగేవి) అందులోనే మునిగిపోతాయి.