విమానం రెక్కల చివర ఉండే పుల్లలు పిడుగు కోసం కాదు

"అంత వేగంగా గాలిలో పోతుంటే స్టాటిక్ చార్జ్ గాలికే పోదా? రెక్కల వెనక ఆ పుల్లలు పిడుగు ఆపడానికేనా?" అని ఒకరు అడిగారు. రెండూ కాదు.

గాలి మంచి ఇన్సులేటర్. నేల దగ్గర గాలిలో ఉండే కొద్దిపాటి అయాన్లతోనే చార్జ్ తగ్గాలంటే పది పదిహేను నిమిషాలు పడుతుంది. పైకెళ్లే కొద్దీ త్వరగానే తగ్గుతుంది గానీ, ఈలోగా మేఘాల్లోని మంచు పలుకులు, దుమ్ము, వాన చినుకులు విమానానికి రాసుకుంటూ కొత్త చార్జ్ ఎక్కిస్తూనే ఉంటాయి. శుభ్రమైన గాలి ఒక్కటే ఉంటే ఈ సమస్య దాదాపు ఉండదు. 1982 జూన్ 24న బ్రిటిష్ ఎయిర్‌వేస్ 747 ఒకటి జావా దగ్గర గాలుంగుంగ్ అగ్నిపర్వతం బూడిదలోకి వెళ్లింది. ముందు అద్దాల మీద నీలి వెలుగు పాకింది, తర్వాత నాలుగు ఇంజన్లూ ఆగిపోయాయి. ఇంజన్లను ఆపింది బూడిద. ఆ వెలుగు మాత్రం చార్జ్ గాలిలోకి కారిపోవడమే, దాన్నే కరోనా అంటారు.

చార్జ్ మొనల దగ్గర గుమిగూడుతుంది. అక్కడ విద్యుత్ క్షేత్రం సెంటీమీటరుకి సుమారు 30 కిలోవోల్టులు దాటితే గాలి అయనీకరణ చెంది దారి ఇస్తుంది. ఎత్తులో గాలి పలచన కాబట్టి ఇంకా తక్కువే చాలు. అంటే అంత చార్జ్ పేరుకున్నాక, పుల్లలు లేకపోయినా అది పోతుంది. కాకపోతే రెక్క కొన నుంచో యాంటెన్నా నుంచో దఫదఫాలుగా పోతుంది. ఒక్కో దఫాకీ రేడియోలో బుస్సుమని మోత వస్తుంది, ఏడీఎఫ్ (రేడియో స్టేషన్ ఏ దిక్కున ఉందో చూపే పరికరం) సూది అటూ ఇటూ తిరుగుతుంది, హెచ్‌ఎఫ్‌లో (దూరానికి మాట్లాడే రేడియోలో) మాట వినపడదు. ఈ పుల్లల్నే విక్‌లు అంటారు. విక్ లోపల మెగాఓమ్‌ల రెసిస్టెన్స్ పెట్టేది అందుకే: చార్జ్ సన్నని ధారగా, చప్పుడు లేకుండా పోవాలి. దాని బదులు వట్టి ఇనుప మొన పెడితే మోత తగ్గదు.

విక్‌లు చెడిపోయేది ఎక్కువగా మూడు రకాలుగా. కొన అరిగిపోవడం లేదా విరిగిపోవడం. పిడుగు తగిలి కాలిపోవడం. అన్నిటికన్నా దారుణం, రంగు వేసేవాళ్లు విక్ మీద కూడా పెయింట్ కొట్టేయడం. దయచేసి మాస్కింగ్ టేప్ చుట్టండి! పెయింట్ పడిన విక్ చూడటానికి నిక్షేపంగా ఉంటుంది, పని మాత్రం చేయదు.

పరీక్షకు మామూలు మల్టీమీటర్ చాలదు, 500 వోల్టుల మెగ్గర్ (ఎక్కువ వోల్టేజీతో పెద్ద రెసిస్టెన్స్ కొలిచే మీటర్) కావాలి. బేస్ నుంచి బాడీకి మాత్రం మిల్లీఓమ్ మీటర్‌తో చూడాలి, అక్కడ ఓమ్‌లో చిన్న భాగమే రావాలి. కచ్చితమైన హద్దులు ఆ విమానం మాన్యువల్‌లోనే ఉంటాయి. ఎయిలరాన్, ఎలివేటర్ (రెక్కకు, తోకకు ఉండే కదిలే పలకలు) కీళ్ల దగ్గరి బాండింగ్ జంపర్లు (పలకను బాడీతో కలిపే తీగలు) తెగితే కొత్త విక్‌లు వేసినా ఫలితం ఉండదు, చార్జ్ అక్కడిదాకా చేరదు కదా. అందుకే మోత ఫిర్యాదు వస్తే ముందు జంపర్లు చూడండి, విక్‌లు ఆ తర్వాత.