మరమ్మతా? మరమ్మత్తా?

సందేహం: నల్లకుంటలో ఉంటాను. మా ఇంట్లో కంప్యూటర్ హార్డ్ డిస్క్ టకటకమని చప్పుడు చేస్తోందని తీయించి, ఎస్‌ఎస్‌డీ అనే కొత్తరకం డిస్క్ వేయించాను. పాతదానిలో విండోస్, ఉబుంటు అనే రెండు ఆపరేటింగ్ సిస్టమ్‌లూ ఉండేవి. రెంటినీ కొత్తదానిలోకి కాపీ చేయించి ఆన్ చేస్తే, నల్లటి తెర మీద 'నో సచ్ డివైస్' అనీ, దాని కింద 'గ్రబ్ రెస్క్యూ' అనీ వచ్చి ఆగిపోయింది. సికింద్రాబాద్‌లో ఒక దుకాణానికి మోసుకెళ్తే అక్కడి కుర్రవాడు గంటలో దారికి తెచ్చాడు. బిల్లు మీద 'మరమ్మత్తు ఛార్జీ' అని రాశాడు. అది తప్పు, 'మరమ్మతు' అనాలి అంటాడు మా అల్లుడు. మరమ్మత్తే సరైనదని నేను. తీర్పు చెప్పండి. అన్నట్టు, ఆన్ చేశాక కంప్యూటర్ లేచి పనికి సిద్ధం కావడాన్ని 'బూట్' కావడమంటారు కదా, దాన్ని తెలుగులో ఏమనాలి?

సమాధానం: మామాఅల్లుళ్ల తగవులో తీర్పు చెప్పినవాడికి ఆ ఇంట్లో మళ్లీ భోజనం దొరకదు. అయినా బిల్లు తెలుగులో రాసే దుకాణం జంటనగరాల్లో ఇంకా ఉందని తెలియజేశారు, ఆ సంతోషంతో చెబుతున్నాను.

మరమ్మతు అరబ్బీ మాట. ఫారసీ, ఉర్దూల మీదుగా మనకొచ్చింది. దీని ధాతువులో ఉన్నవి మూడు హల్లులు: ర, మ, మ. ఆ ధాతువుకి అరబ్బీలో పాడైనదాన్ని బాగుచేయడమనీ అర్థం ఉంది, ఎముక పుచ్చి శిథిలమైపోవడమనీ అర్థం ఉంది. శిథిలమైన ఎముకను 'రమీమ్' అంటారు. రోగం, మందు ఒకే సీసాలో ఉన్నాయన్నమాట. పాత గుడిని బాగుచేయడాన్ని మనవాళ్లు 'జీర్ణోద్ధరణ' అన్నారు. అందులోనూ ఆ రెండూ ఉన్నాయి గానీ, అందుకోసం సమాసం కట్టుకోవలసి వచ్చింది. నాకు ఈ మాట మీద ఇంత మోజు ఎందుకో ఇప్పుడు మీకు అర్థమయ్యే ఉంటుంది.

ధాతువులోనే రెండు మకారాలున్నాయి కాబట్టి మాటలో 'మ్మ' పుట్టుకతో వచ్చింది. చివరి తకారం మాత్రం ఒంటిది. ఉర్దూవారి 'మరమ్మత్'కి మనం ఉకారం తగిలించుకుని మరమ్మతు అన్నాం. వకాలతు, అమానతు, అదాలతు అన్నీ ఇలా వచ్చినవే. అన్నిటికంటే పెద్ద సాక్షి రైతు. ఇంతకంటే తెలుగు మాట ఉందా అనిపిస్తుంది కదా? అదీ అరబ్బీదే. 'రయ్యత్' అంటే ఏలుబడిలో ఉన్న జనం. అది రైతు అయింది గానీ రైత్తు కాలేదు. ఇంతవరకు మీ అల్లుడి గారిదే పైచేయి.

మరి ఆ రెండో తకారం ఎక్కడి నుంచి దూరింది? ఒక దారి సంస్కృతం. జగత్, విపత్, సంపత్ మన దగ్గర జగత్తు, విపత్తు, సంపత్తు అవుతాయి. మరమ్మత్ అని చెవిన పడగానే, అది కాశీ నుంచి వచ్చిందా మక్కా నుంచి వచ్చిందా అని ఆరా తీయకుండా చెయ్యి అదే వరసలో రాసేస్తుంది. ఇంకో దారి మద్రాసు. తమిళులు ఈ మాటను 'మరామత్తు' అంటారు. వాళ్ల లిపిలో త, ద రెండింటికీ ఒకటే అక్షరం. అచ్చుల నడుమ అది ఒంటిగా ఉంటే దకారం వైపు జారిపోతుంది, తకారంగా నిలవాలంటే రెట్టించక తప్పదు. వాళ్లది అవసరం. మద్రాసు ప్రెసిడెన్సీలో చెరువుల, కాలువల పనులు చూసే శాఖకు మరామత్ అనే పేరుండేది. ఆ కచేరీల కాగితాలతో పాటే ఈ 'త్తు' కోస్తా జిల్లాలకు చేరిందని నా అనుమానం.

హైదరాబాదుకు ఆ తిప్పలు లేవు. ఇక్కడ అసలు మాట రోజూ పక్కింటివాళ్ల నోటే వినిపిస్తుంది. అయినా వీధివీధినా 'ఇచ్చట సైకిళ్లు మరమ్మత్తు చేయబడును' అనే బోర్డులే! తకారాన్నయినా మన్నిస్తాను గానీ ఆ 'చేయబడును'ని మన్నించలేను. ఎవరిచేత చేయబడును? బోర్డు కిందే పానా పట్టుకుని కూర్చున్న మనిషిచేతే కదా! 'చేస్తాం' అని రాస్తే రంగు ఎక్కువ ఖర్చవుతుందా?

ఇక మీ పక్షం. కసరత్ మన దగ్గర కసరత్తు అయింది. మరాఠీ 'గమ్మత్' గమ్మత్తు అయింది. వాటిని కసరతు, గమ్మతు అని దిద్దే పంతుల్ని నేను చూడలేదు. మదద్ సంగతి మరీ విచిత్రం: నడిమి దకారం రెట్టించుకుని, చివరి దకారం తకారమై, మద్దతు అని కూర్చుంది. దాన్ని నెత్తిన పెట్టుకుని, పాపం మరమ్మత్తును మాత్రం గుమ్మం బయట నిలబెట్టడం న్యాయమేనా?

పరాయి మాటను తన అచ్చులో పోసుకోవడం తెలుగుకి కొత్త కాదు. 1550 నుంచి 1580 దాకా గోల్కొండనేలిన ఇబ్రహీం కుతుబ్‌షాను మన కవులు 'మల్కిభరాముడు' అన్నారు. మలిక్ ఇబ్రహీంలోంచి ఒక రాముడు బయటికొచ్చాడు. ఇభమంటే ఏనుగు కాబట్టి ఏనుగు కూడా ఉచితం! అద్దంకి గంగాధర కవి తపతీ సంవరణోపాఖ్యానాన్ని ఆ రాముడికే అంకితమిచ్చాడు. పొన్నెగంటి తెలగన్న సంస్కృత పదాలు తొక్కకుండా యయాతి చరిత్ర రాశాడు. అచ్చతెలుగు కావ్యాల్లో మొదటిదని పేరున్న ఆ పుస్తకాన్ని అంకితం పుచ్చుకున్నది పటాన్‌చెరు అమీన్‌ఖాన్. 'మరమ్మతు తురకమాట, తీసేయండి' అని నాకు ఉత్తరాలు రాసేవాళ్లు ఒకసారి పటాన్‌చెరు బస్సెక్కితే బాగుంటుంది.

బూట్ సంగతి ఒక్క ముక్కలో: బూటు పట్టీలు పట్టుకుని తనను తానే పైకి లాక్కోవడమనే ఇంగ్లీషు వేళాకోళంలోంచి పుట్టింది. దాన్ని అలాగే వాడుకోండి, అనువదిస్తే చెప్పుల దుకాణంలో తేలతాం.

అసలు మీ బిల్లులో నాకు కనిపించిన చిక్కు వేరే ఉంది. మీ మిషన్‌లో ఏమి పాడైందని మరమ్మతు? డిస్క్‌లో ప్రతి భాగానికీ యూయూఐడీ అని ఒక పొడుగాటి గుర్తింపు సంఖ్య ఉంటుందట. కొత్త డిస్క్‌లో కొత్త భాగాలు చేస్తే కొత్త సంఖ్యలొస్తాయి. ఆన్ చేయగానే విండోస్‌నో ఉబుంటునో నిద్రలేపే ప్రోగ్రాం పేరు గ్రబ్. అది మాత్రం పాత సంఖ్య కోసమే వెతికి, అలాంటిది లేదు పొమ్మంది. కుర్రవాడు పెన్‌డ్రైవ్‌లోంచి ఉబుంటు నడిపి, గ్రబ్‌ను మళ్లీ ఎక్కించి, ఎఫ్‌స్టాబ్ అనే ఫైల్లో పాత సంఖ్యలు కొట్టేసి కొత్తవి రాసి ఉంటాడు. విండోస్‌కి వేరే చిట్టా ఉంటుంది, దాన్నీ తిరగరాసి ఉంటాడు. ఇదంతా మా మనవడు చెప్పిందే, తప్పులుంటే వాడివే. ఇల్లు మారినవాడు రేషన్ కార్డులో చిరునామా మార్పించుకుంటే దాన్ని మరమ్మతు అంటామా? బిల్లు మీద 'సరిచేసినందుకు' అని ఉంటే సరిపోయేది.

నేనైతే మరమ్మతు అనే రాస్తాను. మీరు మరమ్మత్తు అని రాస్తే ఎర్రసిరా తీయను. మీ అల్లుడి గారు మరీ పట్టుబడితే, ఆయన 'కసరత్తు' ఎలా రాస్తారో ఒక కాగితం మీద రాయించి చూడండి.