సముద్రం పక్కన పందిరి వేసేముందు

అమ్మలూ,

నువ్వు వాట్సాప్‌లో పంపిన బొమ్మ మూడుసార్లు చూశాను. బాగుంది. నల్ల అల్యూమినియం స్తంభాలు, పైన పొగరంగు పాలికార్బొనేట్ షీటు, కింద సోఫా, సోఫా మీద తెల్ల దిండ్లు. ఆ దిండ్లు భీమిలిలో ఎన్నాళ్ళు తెల్లగా ఉంటాయో మీ అత్తయ్య వేరే ఉత్తరం రాస్తానంది. నేను పందిరి సంగతి మాత్రం రాస్తాను. మీరంతా పర్గోలా అంటున్నారు, అనండి. నాకు నోరు తిరగక కాదు. పందిరి అంటే అది ఏం చెయ్యాలో, ఏం చెయ్యక్కర్లేదో వెంటనే తెలుస్తుందని అలా అంటాను.

పందిరి నీడకి. వానకి కాదు. ఈ ఒక్క దగ్గర మెత్తబడ్డావంటే మిగతా పనంతా బరువెక్కుతుంది. ఫ్యాబ్రికేషన్ కుర్రాడు "ఎలాగూ వేస్తున్నాం కదా మేడమ్, పైన షీటు కూడా కొట్టేద్దాం, ఎంతవుతుంది" అంటాడు. ఒప్పుకోకు. ఎందుకో లెక్కేసి చెప్తాను, నువ్వు మాటకి లొంగవు గానీ లెక్కకి లొంగుతావు.

కట్టడం ఎంత గాలికి నిలవాలో చెప్పే మన గాలి కోడ్ విశాఖ తీరానికి ఇచ్చిన మూల వేగం సెకనుకు 50 మీటర్లు. అంటే గంటకు 180 కిలోమీటర్లు. ఏదో పుస్తకంలో అంకెలే అనుకోకు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను ఇంచుమించు ఆ వేగంతోనే మన నెత్తిన దిగింది. ఆ 50ని 50తో గుణించి, దాన్ని మళ్ళీ 0.6తో గుణిస్తే చదరపు మీటరు మీద ఎన్ని న్యూటన్ల ఒత్తిడో వస్తుంది. 1500. మన భాషలో సుమారు 150 కిలోలు. నీ పందిరి 15 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు, అంటే దాదాపు 16.7 చదరపు మీటర్లు. పైన మూత వేసేశావంటే రెండున్నర టన్నులు. కప్పు ఆకారాన్ని బట్టి అది అటూ ఇటూ అవుతుంది, అంచుల దగ్గర ఇంకా పెరుగుతుంది. ఆ రెండున్నర టన్నులూ కిందికి తొక్కితే ఏ బాధా లేదు, స్తంభాలు మోస్తాయి. గాలి తొక్కదు, లేపుతుంది. అచ్చంగా టేకుతో వేసినా పందిరి సొంత బరువు అందులో నాలుగో వంతు. అల్యూమినియం సంగతి చెప్పనే అక్కర్లేదు.

ఈ లెక్క నాకు ముందే వచ్చు. అయినా 2009లో మా డాబా మీద వేసినప్పుడు వెయ్యలేదు. ఓవర్సీర్‌గా ఊరందరి కట్టడాలకీ వంకలు పెట్టినవాణ్ణి, సొంతింటి దగ్గరికొచ్చేసరికి "చిన్న పనే కదా" అనుకున్నాను. రెండంగుళాల ఇనప గొట్టాలు, పైన రేకు, టైల్స్ మీంచే నాలుగేసి బోల్టులు. ఐదేళ్ళు నిలబడింది. హుద్‌హుద్ రోజు మధ్యాహ్నానికల్లా అది పక్కింటి కొబ్బరిచెట్టుకి ఆనుకుని ఉంది. బోల్టులు తెగలేదు. టైలుతో, కింద సిమెంటుతో సహా ఊడి వెళ్ళిపోయాయి. ఎవరికీ దెబ్బ తగల్లేదు గాబట్టి ఇప్పుడు నవ్వుతూ రాస్తున్నాను. రెండిళ్ళవతల ఒకాయన దొడ్లో సరుగుడు వాసాలు ఎడంగా పరిచిన పాత పందిరి ఉండేది. రెండు వాసాలు పోయాయి, అంతే. గాలికి దారిచ్చింది, గాలి దాని దారిన పోయింది.

అందుకని పైన షీటు బదులు కర్ర పట్టీలు వేయించు. అవి ఎటు వెయ్యాలి, ఎంత ఎడంగా వెయ్యాలి అన్నదాంట్లోనే నీడ ఉంది. బొమ్మలో అందం కోసం ఎటో వేశారు, వాళ్ళ దేశంలో సూర్యుడు వేరే దారిన పోతాడు. మనకి మే రెండో వారంలో, మళ్ళీ జులై ఆఖర్న మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. వేసవంతా దాదాపు తూర్పు నుంచి పడమరకి నెత్తి మీదుగానే నడుస్తాడు. కాబట్టి పట్టీలు ఉత్తర దక్షిణాలుగా పరవాలి, అదీ పడుకోబెట్టి కాదు, అంచు మీద నిలబెట్టి. పట్టీ లోతు నాలుగంగుళాలు, పట్టీకీ పట్టీకీ మధ్య సందు నాలుగంగుళాలు ఉంచావనుకో, ఉదయం తొమ్మిది లోపూ, మధ్యాహ్నం మూడు దాటాకా పైనుంచి ఎండ చుక్క దిగదు. మధ్యలో ఆ ఆరు గంటలూ చారలుచారలుగా పడుతుంది. దానికి తీగ పెట్టుకోవాలి, చెప్తాను. నాలుగు దాటాక ఎండ కప్పు కింద నుంచి, పడమటి పక్కగా దూరుతుంది. దానికి పట్టీలు ఏం చెయ్యలేవు. ఆ వైపు వెదురు తడకో, చాపో చుట్టి పెట్టుకుని కావలసినప్పుడు దింపుకోండి. తుఫాను హెచ్చరిక రాగానే విప్పి లోపల పడెయ్యడమే.

కర్ర కూడా ఎక్కువ ఈ పట్టీలకే పోతుంది. ఆరంగుళాల చదరపు స్తంభాలు నాలుగు, తొమ్మిదేసి అడుగులు: తొమ్మిది ఘనపుటడుగులు. మూడుకి ఎనిమిది అంగుళాల దూలాలు రెండు: ఐదు. పట్టీలు రెండంగుళాల మందంతో ముప్ఫై: ఇరవై. అంటే 34లో సగానికి పైన పైనే ఉంది. టేకు ఖరీదు చూసి మీ ఆయన గుండె పట్టుకుంటే స్తంభాల్లో పిసినారితనం చెయ్యకండి, పట్టీల మందం అంగుళంన్నరకి దించండి, లేదా స్తంభాలూ దూలాలూ టేకు పెట్టి పట్టీలకి వేగిస చూడండి. ఏది కొన్నా చేవ ఉన్న కర్ర కావాలి. అడితిలో తెల్లచెక్క కలిసిన ముక్కలు పైన పాలిష్ కొట్టి చూపిస్తారు. కోసిన కొస చూడు, రంగు రెండుగా కనపడితే వద్దను. తెల్లచెక్కకి టేకయినా చెదలు పడుతుంది.

నిజానికి ఈ తీరంలో పాతవాళ్ళు తాటి దూలాలు వేసేవారు. ముదురు తాడిచెట్టు వెలుపలి చేవ ఇనుమంత గట్టిది, మా తాతగారి వసారా తాటివాసాలు నాకంటే పెద్దవి. ఇప్పుడు అంత ముదురు చెట్టూ దొరకడం లేదు, దాన్ని చీల్చే మనిషీ దొరకడం లేదు. దొరికితే మాత్రం నాకు చెప్పు.

ఇక ఇనుము. భీమిలిలో ఉప్పు గాలి నుంచి మాత్రమే రాదు, వేళ్ళ మీంచీ గుడ్డల మీంచీ వస్తుందనిపిస్తుంది. వాన తడిపే చోట్ల ఉప్పు కడుక్కుపోతుంది. వాన తగలని చోట, అంటే దూలం అడుగున, ప్లేటు వెనక, బోల్టు తల కింద, అక్కడే పేరుకుని అక్కడే తింటుంది. అందుకే పైనుంచి చూస్తే పెయింటు నిగనిగలాడుతుంటుంది, అడుగున వేలు పెడితే పెచ్చులు రాలతాయి. నువ్వు ఏ ఇనుము పెట్టినా అన్ని కోతలూ, వెల్డింగులూ, రంధ్రాలూ అయిపోయాక హాట్ డిప్ గాల్వనైజింగ్‌కి పంపించు. కరిగిన జింకులో ముంచి తీస్తారు, మందపాటి ప్లేటు మీద 85 మైక్రాన్ల దాకా పూత పడుతుంది. బజార్లో ముందే జింకు పూతతో దొరికే జీఐ గొట్టం తెచ్చి ఇంటి దగ్గర వెల్డింగ్ చేసి, కాలినచోట సిల్వర్ పెయింట్ రాసి "గాల్వనైజ్డే సార్" అంటారు. వెల్డింగ్ పడ్డచోట జింకు కాలిపోయింది కదా, ఇంకేం గాల్వనైజ్డు. మూసిన గొట్టాలైతే ముంచేముందు గాలి పోయే రంధ్రాలు పెట్టించు. లేకపోతే తొట్టిలో పేలుతుంది, పని చేసేవాడి ప్రాణానికే ముప్పు.

బోల్టులు స్టెయిన్‌లెస్ అంటే సరిపోదు, 316 రకం అని అడుగు. 304 కూడా స్టీలే, కిచెన్‌లో మహారాజు. మన ఒడ్డున ఆర్నెల్లలో టీ ఒలికినట్టు మరకలు పడుతుంది. మేకులూ, స్క్రూలూ వద్దు, దూలానికీ స్తంభానికీ అటునుంచి ఇటు దూసుకుపోయే బోల్టులు. అల్యూమినియమే కావాలని నువ్వు పట్టుబడితే స్టీలు బోల్టుకీ దానికీ మధ్య నైలాన్ వాషరు వేయించు. రెండు లోహాలు ఉప్పుతడిలో తగిలితే అల్యూమినియం తెల్లగా పిండి రాలుతుంది.

నేల సంగతి. మీ స్థలం ఎర్రమట్టి దిబ్బల దారిలో, అదంతా వదులు ఇసుక. ఇసుక పట్టుకుంటుందని నమ్మొద్దు, బరువే పట్టుకోవాలి. ఒక్కో స్తంభం కింద రెండడుగుల చదరం, రెండున్నర అడుగుల లోతు కాంక్రీటు పోస్తే పది ఘనపుటడుగులు, దాదాపు 680 కిలోలు. నాలుగూ కలిపితే రెండు టన్నుల ఏడు వందలు. పైన రాసిన రెండున్నర టన్నులు గుర్తున్నాయా? మూత లేని పందిరికి ఇది ఎక్కువే. ఎక్కువే ఉండనీ, రేపు మీ నాన్న నీకు చెప్పకుండా షీటు వేయిస్తాడు, వాడి సంగతి నాకు తెలుసు.

ఆ కాంక్రీటులో బోరు నీళ్ళు పొయ్యనివ్వకు. తీరం బోర్లు ఉప్పగా ఉంటాయి. కమ్మి ఉన్న కాంక్రీటుకి లీటరు నీళ్ళలో 500 మిల్లీగ్రాములకి మించి క్లోరైడు ఉండకూడదని కోడ్. మున్సిపల్ ట్యాంకరు తెప్పించు. బీచ్ ఇసుక చేరువలోనే ఉంది కదా అని మేస్త్రీ రాత్రికి రాత్రి నాలుగు బస్తాలు తెస్తాడు, అది కూడా చూసుకో. కమ్మికి నాలుగు పక్కలా రెండంగుళాల కాంక్రీటు కప్పి ఉండాలి. మామూలు ఇళ్ళకి వేసే అంగుళం ఇక్కడ చాలదు.

కర్ర స్తంభాన్ని కాంక్రీటులో పాతకండి. పెళ్ళిపందిరి రాట పాతినట్టు పాతేద్దాం అంటారు. అది ఐదు రోజుల పందిరి. నేల మట్టం దగ్గర తడీ గాలీ కలిసేచోటే కర్ర కుళ్ళుతుంది, పైన మనకి తెలీదు. కాంక్రీటులో స్టీలు ప్లేటు దింపి, స్తంభం కొస నేలకి రెండంగుళాలు పైన ఉండేలా ఆ ప్లేటుకి బోల్టు వేయించు. కోసిన కొసలన్నింటికీ బిగించకముందే నూనె తాగించాలి, బిగించాక అక్కడికి చెయ్యి వెళ్ళదు. పక్కల నుంచి కొట్టే గాలికి ప్రతి మూలలో స్తంభానికీ దూలానికీ మధ్య రెండడుగుల ఏటవాలు కట్టు వేయించు, రెండు దిక్కులా. తుఫాను కన్ను మీదుగా పోయిందంటే గాలి కాసేపాగి ఎదురుదిక్కు నుంచి మొదలవుతుంది, ఒక వైపు కట్టింది రెండో వైపు పనికిరాదు. ఒక పక్క ఇంటికి ఆనించాలనుకుంటే బీముకి ఆనించు. పిట్టగోడకీ, ఇటుక గోడకీ వద్దు.

పైన వార్నిష్ కొట్టించకు. ఎండకి పగిలి, పగుల్లో ఉప్పునీరు దూరి, మళ్ళీ అంతా గీకాలి. నూనె రాయించు, ఏడాదికోసారి. అవిసె నూనె చాలు. సిక్కోలు వైపు పడవలకి జీడిపిక్కల తొక్క నూనె రాస్తారు, పురుగు దగ్గరికి రాదు, కానీ నల్లబడుతుంది, చేతులు బొబ్బలెక్కుతాయి. నీ బొమ్మకి అది నప్పదులే. నెలకోసారి గొట్టంతో మంచినీళ్ళు కొట్టి అడుగులన్నీ కడిగించు. మళ్ళీ చెప్తున్నాను, బోరు నీళ్ళు కాదు.

తీగకి మల్లె పెడతానన్నావు. సముద్రం వైపు ఉప్పుగాలికి ఆకు మాడుతుంది. ఇంటి చాటున ఉన్న స్తంభానికి మల్లె పెట్టు, ఎదురుగా కాగితం పూల తీగ పెట్టు, దానికి ఉప్పు లెక్కలేదు. అమ్మ బీర, చిక్కుడు పాకిస్తుంది ఎలాగూ. కానీ గుబురెక్కిన తీగ కూడా షీటుతో సమానమే, గాలిని ఆపుతుంది. దసరా అవుతూనే సగానికి కోయించెయ్యి, మన తుఫాన్లు ఎక్కువగా అక్టోబరు, నవంబరుల్లోనే. అమ్మ చిక్కుడు కోయనివ్వదు. దానికి నా దగ్గర లెక్కేమీ లేదు.

ఇంకొకటి. మీ స్థలం పోటు గీత నుంచి, అంటే పోటు వేళ సముద్రం నీళ్ళు వచ్చే హద్దు నుంచి, 500 మీటర్ల లోపయితే తీర నియంత్రణ నిబంధనల కిందికి వస్తుంది. పందిరే కదా అనుకుని గుంట తవ్వకముందు, ఇంటి ప్లాను ఇచ్చినవాళ్ళనే కాగితం మీద అడుగు. నోటిమాట వద్దు.

గుంటలు తవ్విన రోజు ఫోన్ చెయ్యి, బస్సెక్కి వస్తాను. కాంక్రీటు పోసేశాక పిలిస్తే నాకు చూడ్డానికేం ఉండదు, టీ తాగి రావడమే.

మీ
పెద్దమావయ్య